మగ్గం చప్పుడులో మాటలు: ఒక చేనేత కార్మికుడి కేసు, యాంటీసైకోటిక్ మందులు, ఇంద్రియాలు

గుంటూరు కొత్తపేటలోని మా క్లినిక్‌కు మంగళగిరి నుంచి వచ్చిన 34 ఏళ్ల చేనేత కార్మికుడి కేసు ఇది. ఆయన, ఆయన భార్య అనుమతితోనే రాస్తున్నాను; మనిషిని గుర్తుపట్టే వీలున్న వివరాలను మార్చాను. లేని మాటలు వినబడడం, లేనిపోని అనుమానాలు పట్టుకోవడం ముఖ్యంగా కనబడే మానసిక వ్యాధి స్కిజోఫ్రేనియా మా ఓపీలో వారం వారం కనబడేదే కాబట్టి రోగనిర్ధారణలో చెప్పుకోదగ్గ విశేషమేమీ లేదు. విశేషమల్లా, వినికిడిలోనూ చూపులోనూ కాళ్లలోనూ వచ్చిన ప్రతి మార్పునూ ఈయన పడుగు పోగులు లెక్కపెట్టినంత ఓపిగ్గా లెక్కపెట్టి చెప్పగలగడం. చికిత్స మొదలయ్యాక రోగి ఇంద్రియాలలో కలిగే మార్పుల్లో వ్యాధి వాటా ఎంత, వ్యాధికిచ్చిన మందు వాటా ఎంత, ఆ మందు దుష్ఫలితాన్ని అణచడానికిచ్చిన రెండో మందు వాటా ఎంత అన్నది మామూలుగా ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటుంది. ఈ కేసులో ఆ మూడూ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు మాటల్లో బయటపడ్డాయి.

వచ్చినప్పటి పరిస్థితి

భార్య, అన్నగారు వెంటబెట్టుకుని తీసుకొచ్చారు. ఎనిమిది నెలలుగా ఈయన మగ్గం మీద కూర్చున్న కాసేపటికే లేచిపోతున్నాడనీ, గోడకు చెవి పెట్టి వింటున్నాడనీ, వీధిలో ఎవరు దగ్గినా అది తనకు సైగ అనుకుంటున్నాడనీ, రాత్రిళ్లు నిద్ర లేదనీ చెప్పారు. వారానికి రెండు చీరలు దించే మనిషి నెలకు ఒకటి కూడా పూర్తి చేయలేకపోతున్నాడు. ఎవరో మగ్గానికి ఏదో చేయించారన్న అనుమానంతో ఇంటివాళ్లు పాత మగ్గం గుంటను పూడ్చేసి, అదే గదిలో తూర్పు గోడ పక్కన కొత్త గుంట తవ్వించారు. ఆ పనికి, తాయెత్తులకు కలిపి అయిన ఖర్చు తరవాత మా మందులకు ఏడాదిలో అయిన ఖర్చు కంటే ఎక్కువ.

మాటలు ఎప్పుడు వినబడతాయని అడిగినప్పుడు ఆయన ఇచ్చిన జవాబును కేసు షీటులో ఉన్నదున్నట్టు రాసుకున్నాను. "నాడె (షటిల్) పరుగెత్తే చప్పుడు వెనకాలే వస్తాయండీ. చప్పుడు ఆపితే మాటలు కూడా ఆగిపోతాయి. చప్పుడూ వినపడుద్ది, మాటా వినపడుద్ది, రెండూ కలిసిపోవు." ఇద్దరు మగవాళ్ల గొంతులు, ఒకటి తెలిసిన గొంతు, ఒకటి తెలియనిది. ఈయన చేసే పనిని చేస్తున్నట్టే వర్ణిస్తూ మధ్యమధ్య ఎగతాళి చేస్తాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మగ్గం చప్పుడే మాటలుగా మారి వినబడితే అది ఇల్యూజన్, అంటే ఉన్నదాన్ని వేరేగా గ్రహించడం. చప్పుడు చప్పుడుగానే ఉంటూ, దాన్ని ఆసరా చేసుకుని మాట విడిగా వినబడితే అది ఫంక్షనల్ హాలూసినేషన్. కుళాయి నీళ్లు పడుతుంటేనే తిట్లు వినబడే రోగి గురించి పీజీ చదివే రోజుల్లో మేమంతా బట్టీ పట్టినదే ఇది. సర్వీసులో మాత్రం అడిగి రాబట్టుకుంటే తప్ప బయటికి రాదు. "రెండూ కలిసిపోవు" అన్న ఆయన మాటతో ఆ తేడా తేలిపోయింది.

చెవి పరీక్ష చేయించకుండా శ్రవణ భ్రాంతులకు పేరు పెట్టడం నాకు అలవాటు లేదు, ఎందుకంటే వినికిడి తగ్గినవాళ్లలో భ్రాంతులు వచ్చే అవకాశం ఎక్కువ. ఆడియోగ్రామ్‌లో రెండు చెవులూ సాధారణ పరిధిలోనే ఉన్నాయి; ఎడమ చెవిలో 4000 హెర్ట్జ్ దగ్గర ఒక చిన్న పల్లం తప్ప. ఈఈజీ, మెదడు ఎంఆర్ఐ, థైరాయిడ్, బీ12 పరీక్షల్లో చెప్పుకోవలసినదేమీ లేదు. మద్యం అలవాటు లేదు. రోజుకు ఇరవై బీడీలు కాలుస్తారు. ఈ బీడీల సంగతికి మళ్లీ వస్తాను.

అంతకు ముందు జరిగిన చికిత్స

మా దగ్గరికి రావడానికి ఐదు నెలల ముందు మరొక చోట చికిత్స మొదలైంది. ఇలాంటి భ్రాంతులను తగ్గించే పాత తరం యాంటీసైకోటిక్ మందు హాలోపెరిడాల్ 5 మి.గ్రా. మాత్ర రోజుకు రెండుసార్లు రాశారు. మూడో రోజు సాయంత్రం మెడ ఒక పక్కకు మెలితిరిగిపోయి, కనుగుడ్లు పైకి ఎక్కి అక్కడే నిలిచిపోయాయి. తెలివి పూర్తిగా ఉంది, మాట ముద్దగా వస్తోంది, ఎంత ప్రయత్నించినా చూపు కిందికి దిగడం లేదు. ఇంట్లోవాళ్లకు అది పూనకంలా కనబడింది. చుట్టుపక్కలవాళ్లు పసుపు నీళ్లు చల్లుతుండగా అన్నగారు ఆటో మాట్లాడి ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ ప్రొమెథజైన్ ఇంజెక్షన్ చేశాక అరగంటలోపే మెడ, కళ్లు మామూలయ్యాయి.

ఇది అక్యూట్ డిస్టోనియా, అంటే మందువల్ల కండరాలు ఉన్నట్టుండి బిగిసి మెలితిరగడం. కళ్లు పైకి ఎక్కడాన్ని ఆక్యులోజైరిక్ క్రైసిస్ అంటాం. వయసులో ఉన్న మగవాళ్లకు, మందు మొదలుపెట్టిన మొదటి కొద్ది రోజుల్లో, మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని అందుకునే డీ2 రిసెప్టర్లను గట్టిగా మూసే హాలోపెరిడాల్ లాంటి మందులతో దీని ముప్పు ఎక్కువ. మెదడు లోతున ఉండే స్ట్రయేటమ్ అనే భాగంలో డీ2 రిసెప్టర్లను ఏ మందు ఎంత శాతం ఆక్రమిస్తుందో పెట్ స్కాన్ ద్వారా కొలిచే పని స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో 1980లలో మొదలైంది. ఆ తరవాత టొరంటోలో చేసిన అధ్యయనాలు రోజుకు 2 మి.గ్రా. హాలోపెరిడాల్‌తోనే సగటున మూడింట రెండు వంతుల రిసెప్టర్లు మూతపడతాయని చూపించాయి. సుమారు 65% ఆక్రమణ దగ్గర వ్యాధి లక్షణాలు తగ్గడం మొదలవుతుంది. 80% దాటితే కండరాల బిగుతు, వణుకు మొదలవుతాయి. ఈ లెక్కన తొలిసారి మందు వాడుతున్న మనిషికి మొదటి రోజునుంచే 10 మి.గ్రా. అంటే 65కూ 80కీ మధ్యనున్న ఆ కిటికీని దాటేయడమే. ఓపీలో వంద మంది క్యూలో ఉన్నప్పుడు చేతికి అలవాటైన డోసే కాగితం మీద పడుతుందని నాకూ అనుభవమే కనుక ఎవరినీ తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు.

డిస్టోనియా మళ్లీ రాకుండా ట్రైహెక్సిఫెనిడిల్ 2 మి.గ్రా. రోజుకు మూడుసార్లు కలిపారు. అసలు ఇబ్బంది అక్కడ మొదలైంది. మాటలు సగానికి సగం తగ్గాయి కానీ, మగ్గం మీద కూర్చుంటే తెగిన పోగు కనబడడం లేదు. 80 కౌంట్ నూలు పోగు తెగినప్పుడు రెండు కొసలనూ వెతికి పట్టుకుని, కాస్త బూడిద అంటించిన వేళ్ల మధ్య మెలిపెట్టి అతకాలి. అది మూర దూరంలో, మసక వెలుతురులో, వేలికొసల మీద జరిగే పని. ఈయనకు ఆ దూరంలో పోగు ఒకటి రెండుగా, రెండు పొగగా కనబడింది. కంటి పరీక్షకు వెళితే గోడ మీది చార్టులో ఆఖరి వరుస దాకా గడగడా చదివేశారు. చూపు 6/6 అని, ఏ లోపమూ లేదని రాసి పంపారు.

లోపం ఉంది, కొలిచిన చోట లేదు. ట్రైహెక్సిఫెనిడిల్ నరాల కబురు మోసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటుంది. దగ్గరి వస్తువును చూసేటప్పుడు కంటి కటకాన్ని ఉబ్బించే సీలియరీ కండరం ఎసిటైల్‌కోలిన్ మీదే ఆధారపడి పనిచేస్తుంది. అది సడలిపోతే దూరపు చూపు చెక్కుచెదరదు, దగ్గరి చూపు చెదిరిపోతుంది. పొలం పనికి వెళ్లే మనిషి దీన్ని గమనించకపోవచ్చు. నేతగాడికీ, కుట్టుపని చేసేవాళ్లకీ, కంసాలికీ ఇది కూటి సమస్య. ఆరు వారాలు ఓపిక పట్టి ఆయన అన్ని మాత్రలూ ఒకేసారి మానేశారు. నెల తిరగకుండానే గొంతులు పూర్తి బలంతో తిరిగొచ్చాయి. "మందు పడలేదు" అని ఇంటివాళ్లు అన్నది హాలోపెరిడాల్ గురించి కాదు, ఈ రెండో మాత్ర గురించి అని మాకు తెలియడానికి దాదాపు గంట మాట్లాడవలసి వచ్చింది.

మా చికిత్స, ముడుల పోగు

తరవాతి తరం యాంటీసైకోటిక్ రిస్పెరిడోన్ రాత్రిపూట 1 మి.గ్రా.తో మొదలుపెట్టి, నాలుగు రోజుల తరవాత 2, మూడో వారం నుంచి 4 మి.గ్రా.కు పెంచాము. ట్రైహెక్సిఫెనిడిల్ ముందు జాగ్రత్తగా ఇవ్వలేదు. మెడ బిగిస్తే వెంటనే ఫోన్ చేయమని అన్నగారికి నంబరు ఇచ్చి, అత్యవసరానికి నాలుగు ప్రొమెథజైన్ మాత్రలు చేతికిచ్చాము. వాటి అవసరం రాలేదు. బరువు, నడుము కొలత, పరగడుపు షుగర్, కొవ్వు, ప్రొలాక్టిన్ (ఈ మందుతో పెరిగే హార్మోను), ఈసీజీ మొదటి రోజే నమోదు చేశాము. ఒక పరీక్ష మరిచాను. దాని సంగతి తరవాత వస్తుంది.

భ్రాంతులను రోజువారీ నమోదు చేయమని మామూలుగా ఒక చిన్న నోటుపుస్తకం ఇస్తాము. రాత తనకు సాగదని ఆయన అన్నారు. మగ్గం దగ్గర మిగిలే వ్యర్థపు పోగు ఒకటి తీసుకుని, మాటలు వినబడిన రోజుకు ఒక ముడి వేయమన్నాను. ఆయన దానికి సొంత పద్ధతి జోడించారు. మాటలు వినబడితే ఒంటి ముడి. ఆ మాటలు తనను ఉద్దేశించి అన్నవైతే జంట ముడి. ఈ విభజన నేను చెప్పింది కాదు. స్కిజోఫ్రేనియా లక్షణాల తీవ్రతను కొలిచే పాన్స్ స్కేలులో భ్రాంతుల అంశానికి వేసే ఒకే ఒక్క అంకెలో ఈ తేడా కనబడదు.

నాలుగు వారాలకు వచ్చినప్పుడు జేబులోంచి కాగితంలో చుట్టిన పోగు తీసి నా టేబుల్ మీద పొడవుగా పరిచారు. 28 రోజులకు 26 ముడులు. లెక్క మాత్రమే చూస్తే మందు పనిచేయలేదనుకోవాలి. కానీ ఒక కొస నుంచి మొదటి 15 ముడులూ జంటవి, గట్టిగా బిగించినవి. అక్కడి నుంచి చివరిదాకా ఒక్కటి తప్ప అన్నీ ఒంటివి. వేలితో తడిమినా తెలుస్తుంది, పోగు ఒక సగం గరుకు, ఒక సగం నున్న. ఏమిటి తేడా అని అడిగాను. "మాటలు వినపడతానే ఉన్నాయండీ, కాకపోతే అవి నాక్కాదు. పక్కింట్లో టీవీ మోగుతున్నట్టు," అన్నారు.

ఈ ఒక్క వాక్యం గురించి కొంత వివరంగా చెప్పాలి.

మందు చెవిని మూస్తుందా?

రోగులూ, వాళ్ల బంధువులూ, ఒక్కోసారి మన జూనియర్ డాక్టర్లూ కూడా ఈ మందులు మెదడులో శబ్దాన్ని తగ్గిస్తాయని అనుకుంటారు. శబ్దం చెవి నుంచి మెదడు కాండం మీదుగా థాలమస్‌కు, అక్కడి నుంచి శ్రవణ కార్టెక్స్‌కు చేరే దారిలో అనవసరమైనదాన్ని వడపోసే ఏర్పాటు ఒకటి ఉంది. అర సెకను తేడాతో రెండు క్లిక్ శబ్దాలు వినిపించి తల మీద ఎలక్ట్రోడ్లతో నమోదు చేస్తే, మొదటి క్లిక్ తరవాత దాదాపు 50 మిల్లీసెకన్లకు ఒక చిన్న తరంగం లేస్తుంది. ఆరోగ్యవంతుల్లో రెండో క్లిక్‌కు అది బాగా తగ్గిపోతుంది. "ఇది ఇప్పుడే విన్నదే" అని మెదడు తలుపు దగ్గరికేస్తుందన్నమాట. స్కిజోఫ్రేనియా ఉన్న చాలామందిలో రెండో తరంగం అంతగా తగ్గదని 1980ల మొదట్లో అమెరికాలోని కొలరాడోలో రాబర్ట్ ఫ్రీడ్‌మన్, లారెన్స్ ఆడ్లర్ బృందం చూపించింది. ఈ పీ50 పరీక్ష పరిశోధనశాలల్లో చేసేదే తప్ప క్లినిక్‌లో రోజువారీ చేసేది కాదు కనుక ఈ రోగికి చేయించలేదు. మగ్గం ప్రతి దెబ్బకూ చెవి మొదటిసారి విన్నట్టే ఉలిక్కిపడుతోందని ఆయన అన్న మాట మాత్రం నాకు ఆ పరీక్షను గుర్తుచేసింది.

గమనించవలసింది ఏమిటంటే, హాలోపెరిడాల్ వంటి పాత మందులతో గొంతులు తగ్గిన రోగుల్లో కూడా ఈ పీ50 లోపం సాధారణంగా అలాగే ఉంటుంది. క్లోజపైన్ అనే మరో యాంటీసైకోటిక్‌కు బాగా స్పందించినవారిలో అది మెరుగుపడినట్టు నివేదికలున్నాయి, అది మినహాయింపు. ఒకే శబ్దం వరసగా వినిపిస్తూ మధ్యలో వేరే శబ్దం వేసినప్పుడు మెదడులో లేచే మిస్‌మ్యాచ్ నెగటివిటీ అనే మరో తరంగం కూడా ఈ వ్యాధిలో చిన్నబోతుంది, మందులతో పెద్దగా మారదు. దాని మూలం డోపమైన్ కంటే గ్లుటమేట్ అనే మరో మెదడు రసాయనానికి చెందిన ఎన్ఎండీఏ రిసెప్టర్లలో ఉందని అంటారు. ఆ రిసెప్టర్లను మూసే కెటమిన్ అనే మత్తుమందును ఆరోగ్యవంతులకు ఇచ్చినా అది తగ్గుతుంది. అంటే తలుపు దగ్గరి లోపాన్ని మన మందులు చాలావరకు సరిచేయవు. మరి ఏం చేస్తున్నాయి?

ఇంద్రియం తెచ్చిన వార్తకు ఎంత విలువ ఇవ్వాలో నిర్ణయించే దశలో అవి పనిచేస్తున్నాయి. ఏది పట్టించుకోదగ్గది, ఏది నా గురించినది అన్న ముద్ర వేయడంలో స్ట్రయేటమ్‌లోని డోపమైన్‌కు పెద్ద పాత్ర ఉంది. అది అదుపు తప్పినప్పుడు వీధిలో దగ్గు కూడా సైగ అవుతుంది. మనోవైద్య పరిశోధకుడు శితిజ్ కపూర్ 2003లో ఈ వాదాన్ని స్పష్టంగా ముందుకు తెచ్చారు: మందు ఆ ముద్రను తడిపి చెరిపేస్తుంది, అనుభవాన్ని వెంటనే చెరిపేయదు, ముద్ర పోయిన అనుభవం తరవాత నెమ్మదిగా వాడిపోతుంది. నా టేబుల్ మీది పోగులో జంట ముడి ఒంటి ముడిగా మారడం సరిగ్గా ఇదే.

ఎలుకల మీద 2021లో వెలువడిన ఒక ప్రయోగం దీనికి మరో కోణం ఇచ్చింది. రొద మధ్య ఒక సన్నని స్వరం వినబడిందో లేదో ఎలుక చెప్పాలి. తన జవాబు మీద దానికి ఎంత నమ్మకం ఉందో, బహుమతి కోసం అది ఎంతసేపు ఎదురుచూస్తుందన్నదాన్ని బట్టి కొలిచారు. స్వరం లేకపోయినా వినబడిందని గట్టి నమ్మకంతో చెప్పిన సందర్భాలే భ్రాంతికి దగ్గరి నమూనా. ఆ సందర్భాలకు ముందు స్ట్రయేటమ్‌లో డోపమైన్ పెరిగి కనబడింది. కృత్రిమంగా పెంచితే అలాంటి పొరపాట్లు పెరిగాయి, హాలోపెరిడాల్ ఇస్తే తగ్గాయి. రొద నడుమ లేని స్వరం వినడం, మగ్గం చప్పుడు నడుమ లేని మాట వినడం! ఎలుకకు, మనిషికి మధ్య దూరం తెలిసిన వాణ్నే అయినా, ఈ పోలికను పక్కన పెట్టలేకపోయాను.

నిజానికి ఈ మందుల చరిత్ర మొదలైందే ఈ పరిశీలనతో. 1950లో రోన్ పూలాంక్ కంపెనీలో తయారైన క్లోర్‌ప్రోమజైన్‌ను ఫ్రెంచి నౌకాదళ సర్జన్ ఆన్రీ లబోరీ ఆపరేషన్లకు ముందు వాడి చూసినప్పుడు, రోగులు మెలకువగానే ఉండి, అడిగితే జవాబిస్తూ, చుట్టూ జరిగేదాని పట్ల పట్టనట్టుగా ఉండడం గమనించారు. 1952లో పారిస్‌లోని సెయింట్ ఆన్ ఆసుపత్రిలో జాన్ డిలే, పియెర్ డెనికర్ దాన్ని మానసిక రోగులకు ఇచ్చారు. డోపమైన్ పేరు ఈ కథలోకి 1963లో స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్‌సన్ పరిశోధనతో గానీ రాలేదు. "పట్టనట్టు" అన్న ఆ మొదటి వర్ణన, మంగళగిరి మనిషి చెప్పిన "నాక్కాదు" అన్నది ఒకే సంగతికి రెండు పేర్లు.

రంగులు, కాళ్లు

రెండో నెల చివర వచ్చినప్పుడు భార్య సంతోషంగా ఉంది. ఆయన పొద్దున్న ఐదుకు మగ్గం ఎక్కితే రాత్రి తొమ్మిదికి దిగుతున్నారట, వద్దన్నా వినడం లేదట. నేనూ మొదట సంతోషించాను. ఐతే కుర్చీలో కూర్చున్న ఆ పది నిమిషాల్లో ఆయన మడమలు నేలను ఒక్క క్షణం విడవకుండా తాటిస్తున్నాయి. భోజనానికి కూర్చోగలుగుతున్నారా అని అడిగితే, "నిలబడే తింటున్నానండీ. పిక్కల్లో లోపల్నుంచి ఏదో లాగుతున్నట్టుంటుంది. మగ్గం తొక్కుతున్నంతసేపూ హాయిగా ఉంటుంది," అన్నారు. అది పని మీద ఆసక్తి కాదు, అకథీసియా, అంటే ఈ మందులవల్ల ఒకచోట నిలకడగా ఉండనివ్వని అశాంతి. రోజుకు పదహారు గంటలు పాదాలతో తొక్కే పని ఆ బాధకు సరిగ్గా అమరిన మందైంది, అందువల్లే ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. దాన్ని కొలిచే బార్న్స్ స్కేలులో మధ్యస్థం కంటే పైనే పడింది. అకథీసియాను మనం కదలిక సమస్యగా లెక్కేస్తాము. రోగికి మాత్రం అది ముందు ఒక అనుభూతి, ఒంట్లో లోపలినుంచి వచ్చే కబురు. గుర్తించకుండా వదిలేస్తే ఆత్మహత్య ఆలోచనల దాకా నెట్టగలదు కాబట్టి, కాళ్లు ఎలా ఉన్నాయని అడగకుండా ఫాలోఅప్ ముగించకూడదని నా సహాయకులకు చెబుతుంటాను, ఆ రోజు మొదట నేనే అడగలేదు.

రిస్పెరిడోన్‌ను 3 మి.గ్రా.కు తగ్గించి, ఆస్తమా లేదని, నాడి బాగుందని చూసుకుని, ఆ అశాంతిని తగ్గించే ప్రొప్రనొలాల్ 20 మి.గ్రా. రోజుకు రెండుసార్లు కలిపాము. రెండు వారాల్లో కూర్చుని అన్నం తినగలిగారు. ఆరు వారాలకు ప్రొప్రనొలాల్ ఆపేశాము.

రెండో నెల చివర వచ్చిన ఆ రోజే ఇంకో ఫిర్యాదు. "మెరూన్‌కీ నలుపుకీ తేడా బల్బు కింద తెలియడం లేదు. గుమ్మంలో ఎండకు పెడితే తెలుస్తోంది. రంగు వెలిసినట్టుగా ఉంటోంది." ఇది మొదటి చికిత్సలోని చూపు సమస్య కాదు. దగ్గరి చూపు పరీక్షిస్తే సన్నక్షరాలు సాఫీగా చదివారు, పోగులు అతకడంలోనూ ఇబ్బంది లేదు. రిస్పెరిడోన్‌కు ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకునే గుణం దాదాపు లేదు. నా అనుమానం రెటీనా మీదికి పోయింది. కంటి తెరలోని కొన్ని అమక్రైన్ కణాలు డోపమైన్‌ను విడుదల చేస్తాయి. వెలుతురుకు తగ్గట్టు కన్ను సర్దుకోవడానికీ, పక్కపక్కనున్న ఛాయల మధ్య తేడా పట్టడానికీ అది తోడ్పడుతుంది. డోపమైన్ తగ్గిన పార్కిన్సన్ రోగుల్లో కాంట్రాస్ట్ గ్రహణం తగ్గడం, మెదడులో డోపమైన్‌ను పెంచే లెవోడోపా మందుతో కొంత మెరుగుపడడం చాలాకాలంగా తెలిసినదే. డీ2ను మూసే మందు వాడేవారిలోనూ అటువంటి మార్పు రావడం ఆశ్చర్యం కాదు.

కంటి డాక్టరు మిత్రుడొకరు క్రమంగా వెలిసిపోయే అక్షరాలుండే పెల్లి రాబ్సన్ చార్టుతో పరీక్షించి కాంట్రాస్ట్ కొద్దిగా తక్కువగా ఉందన్నారు. కటకంలో మసక లేదు, రెటీనాలో రంగు మచ్చలు లేవు. ఎక్కువ మోతాదు థయోరిడజైన్‌తో రెటీనా దెబ్బతిన్న చరిత్ర, ఏళ్ల తరబడి క్లోర్‌ప్రోమజైన్ వాడినవారి కార్నియాలో, కటకంలో పేరుకునే మచ్చల చరిత్ర ఉంది కాబట్టి అవి చూడక తప్పదు. ఐతే ఆ "కొద్దిగా తక్కువ" అన్నది మందువల్లేనని నేను గట్టిగా అనలేను. మందు మొదలుపెట్టకముందు ఈ పరీక్ష చేయించలేదు. స్కిజోఫ్రేనియాలో మందు లేకుండానే కాంట్రాస్ట్ గ్రహణం మారవచ్చు. షుగరూ కొవ్వూ కొలిచినవాణ్ని, రంగు మీద బతికే మనిషి చూపును ఒక్క చార్టుతో కొలవకపోవడం నా పొరపాటు. ఆ తరవాత చేనేత, కుట్టుపని, అద్దకం పని చేసేవాళ్లందరికీ దగ్గరి చూపు, కాంట్రాస్ట్ పరీక్షలు మొదటి వారంలోనే చేయిస్తున్నాము.

మందు 3 మి.గ్రా.కు తగ్గించాక రంగుల ఫిర్యాదు తగ్గింది. కానీ అదే వారంలో మగ్గం గదిలో పాత బల్బు తీసి ట్యూబ్‌లైట్ పెట్టించమని నేనే చెప్పాను, వాళ్లు పెట్టించారు. దేనివల్ల తగ్గిందో తేల్చుకునే అవకాశాన్ని అలా చేతులారా పోగొట్టుకున్నాను. రోగికి మాత్రం రెండువైపులా లాభమే.

బీడీలు

కాల్చిన తరవాత కాసేపు "చెవులు తేలికపడతాయి" అని మొదటి రోజే అన్నారు. నికోటిన్ పీ50 లోపాన్ని తాత్కాలికంగా సరిచేస్తుందని పైన చెప్పిన కొలరాడో బృందమే చూపింది. ఆల్ఫా-7 నికోటినిక్ రిసెప్టర్లు అందుకు కారణమని వారి వివరణ. స్కిజోఫ్రేనియా రోగులు అంతగా పొగతాగడానికి కారణం ఇదొక్కటే అని నేననను, బీడీ మానమని చెప్పడమూ ఆపలేదు. మానేటప్పుడు చూసుకోవలసింది ఒకటుంది. పొగలోని పదార్థాలు కాలేయంలో సీవైపీ1ఏ2 అనే ఎంజైమును ఉసిగొల్పి క్లోజపైన్, ఓలాంజపైన్‌లను త్వరగా కరిగించేస్తాయి. ఆ మందుల మీద ఉన్న మనిషి ఒక్కసారిగా బీడీ మానితే రక్తంలో మందు ప్రమాదకరంగా పెరగవచ్చు. రిస్పెరిడోన్ వేరే ఎంజైము దారిలో పోతుంది కనుక ఈయన విషయంలో ఆ చిక్కు లేదు. ఇరవై నుంచి ఏడుకు దిగారు. అంతకంటే తగ్గలేదు.

పద్నాలుగు నెలల తరవాత

బరువు 61 కిలోల నుంచి 65కు పెరిగింది, షుగర్ మామూలే. ప్రొలాక్టిన్ పెరిగింది కానీ దానివల్ల ఇబ్బందులేమీ లేవు. అడగవలసిన ప్రశ్నలు భార్య బయట ఉన్నప్పుడు అడిగాను. వారానికి చీరన్నర నేస్తున్నారు. పూడ్చిన పాత గుంట మీద ఇప్పుడు కండెలు చుట్టే రాట్నం పెట్టుకున్నారు.

చివరిసారి వచ్చినప్పుడు తెచ్చిన పోగులో 30 రోజులకు నాలుగే ముడులు. ఒకటి విడిగా, మూడు పక్కపక్కన. ఆ మూడూ చీరాలలో బంధువుల పెళ్లికి వెళ్లిన రోజులవి. మాత్రల స్ట్రిప్పు ఇంట్లో మరిచిపోయారు. అక్కడ మగ్గం లేదు కదా, దేని చప్పుడులో వినబడ్డాయని అడిగాను. పందిట్లో స్టాండు ఫ్యాను పక్కన పడుకున్నారట. మూడింటిలో చివరిది జంట ముడి. ఇంటికొచ్చి మాత్ర వేసుకున్న రెండో రోజుకు ఫ్యాను చప్పుడు ఫ్యాను చప్పుడుగానే ఉందన్నారు. మోతాదు 2 మి.గ్రా.కు తగ్గించే విషయం ఆ రోజు మాట్లాడదామనుకున్నవాణ్ని, ఆ జంట ముడి చూశాక 3 మి.గ్రా.నే కొనసాగించమని రాసి, ఊళ్లకు వెళ్లేటప్పుడు సంచిలో ఉంచుకోవడానికి అదనంగా ఒక స్ట్రిప్పు రాసిచ్చాను.